వీధి చివరి మందిరం: పెంతెకొస్తు సంఘాల గురించి పాఠకుల ప్రశ్నలు

రాయలసీమలోని మిషన్ ఆసుపత్రుల గురించి ఈ శీర్షికలో రాసినప్పటి నుంచి తిరుపతి, చిత్తూరు ప్రాంతాల పాఠకులు పెంతెకొస్తు సంఘాల గురించి వరుసగా ఉత్తరాలు రాస్తున్నారు. వాటిలో కొన్ని అభిమానంతోను, కొన్ని అనుమానంతోను, ఒకటి రెండు కోపంతోను రాసినవి. ఒకే విషయం అడిగిన వాటిని కలిపి ఇక్కడ సమాధానాలు ఇస్తున్నాం.

ప్రశ్న: కొర్లగుంటలో మా వీధి చివర పాతికేళ్ళ కిందట రేకుల షెడ్డులో పదిమందితో మొదలైన ప్రార్థన మందిరం ఇప్పుడు రెండంతస్తులైంది. బోర్డు మీద ‘పెంతెకొస్తు’ అని రాసి ఉంటుంది. నేను హిందువును. వాళ్ళతో నాకు పేచీ ఏమీ లేదు, ఏటా క్రిస్మస్‌కు కేకు కూడా పంపిస్తారు. అయితే నా చిన్నతనంలో చూసిన లూథరన్ చర్చికీ దీనికీ పోలికే కనబడదు. ఆ మాటకు అర్థమేమిటి? ఈ సంఘం ఎక్కడి నుంచి వచ్చింది?
– విశ్రాంత ఉపాధ్యాయుడు, తిరుపతి

సమాధానం: ‘పెంతెకొస్తు’ అంటే గ్రీకు భాషలో యాభయ్యవది అని అర్థం. యూదుల పస్కా పండుగ తర్వాత యాభయ్యవ రోజున వచ్చే కోతల పండుగకు ఆ పేరు ఉంది. బైబిలులోని అపొస్తలుల కార్యముల గ్రంథం రెండో అధ్యాయం ప్రకారం, ఆ పండుగ రోజున యెరూషలేములో ఒకచోట కూడి ఉన్న యేసు శిష్యుల మీదికి పెనుగాలి వంటి ధ్వనితో, అగ్ని నాలుకల రూపంలో పరిశుద్ధాత్మ దిగి వచ్చాడు. వారు తమకు రాని భాషలలో మాట్లాడగా, పండుగకు దూరదేశాల నుంచి వచ్చినవారు ఆ మాటలను తమ తమ భాషలలో విన్నారు. కొందరు వీళ్ళు తాగి ఉన్నారని ఎగతాళి చేస్తే, ఇంకా పొద్దయినా ఎక్కలేదు కదా అని పేతురు లేచి జవాబు చెప్పాడు.

ఈ కథను క్రైస్తవ శాఖలన్నీ నమ్ముతాయి. పాత శాఖలు దానిని సంఘం పుట్టిన రోజుగా, ఒకసారి జరిగిపోయిన ఘటనగా స్మరించుకుంటాయి. పెంతెకొస్తు వారు మాత్రం ఆ రోజు శిష్యులకు కలిగిన అనుభవం నేటికీ ప్రతి విశ్వాసికీ కలుగుతుందని, కలగాలని నమ్ముతారు. మీకు కనబడిన తేడాలన్నిటికీ మూలం ఇదే. అనుభవం ముందు, వ్యవస్థ తర్వాత అన్నది ఈ సంఘాల నడక. ఆరాధనలో చప్పట్లు, కన్నీళ్ళు, అందరూ ఒకేసారి గొంతెత్తి చేసే ప్రార్థన, సామాన్య గృహిణి లేచి నిలబడి తన సాక్ష్యం చెప్పడం, పెద్ద చదువులు లేని మనిషి కూడా పిలుపు వచ్చిందని కాపరి (పాస్టరు) కావడం, చివరికి రేకుల షెడ్డులోనే మందిరం మొదలుకావడం కూడా అందులో నుంచి వచ్చినవే.

మీరు చిన్నతనంలో చూసిన చర్చి ఇందుకు తలకిందులుగా పెరిగింది. జర్మనీకి చెందిన హెర్మన్స్‌బర్గ్ లూథరన్ మిషన్ 1860లలో నాయుడుపేట, శ్రీకాళహస్తి, తిరుపతి వైపు పని మొదలుపెట్టింది. అంతకు ముందే, 1853లో, అమెరికా రిఫార్మ్‌డ్ చర్చికి చెందిన స్కడర్ సోదరులు ఆర్కాటు మిషన్‌ను స్థాపించారు. చిత్తూరు, మదనపల్లె వైపు పాత చర్చిలు దాని చలవే. ఈ మిషన్లు ముందుగా బడి, ఆసుపత్రి కట్టి, పిల్లలకు ప్రశ్నోత్తరాల రూపంలో సిద్ధాంతం నేర్పి, అభిషేకం పొందిన పాదిరిని నియమించి, ఆ తర్వాతే విశ్వాసంలోని ఉద్వేగం గురించి ఆలోచించేవి, అదైనా కాస్త భయంభయంగానే.

ఇక పుట్టుక సంగతికి వస్తే, చరిత్రకారులు సాధారణంగా అమెరికాతో మొదలుపెడతారు. 1901 జనవరి 1న కాన్సస్ రాష్ట్రంలోని టొపీకాలో చార్లెస్ పార్హమ్ నడిపిన చిన్న బైబిలు పాఠశాలలో ఆగ్నెస్ ఓజ్మన్ అనే విద్యార్థిని తనకు రాని భాషలలో మాట్లాడింది. ఆత్మ బాప్తిస్మానికి, అంటే పరిశుద్ధాత్మ తన మీదికి వచ్చిన అనుభవానికి, భాషలే గుర్తు అన్న బోధ అక్కడ స్థిరపడింది. ఆ బోధను హ్యూస్టన్‌లో విన్నవాడు విలియం సేమూర్. బానిసలుగా బతికి విముక్తులైన తల్లిదండ్రులకు పుట్టిన నల్లజాతి బోధకుడు ఆయన. ఒక కన్ను కనబడదు. నల్లవారు, తెల్లవారు ఒకే గదిలో కూర్చోరాదన్న ఆనాటి కట్టుబాటు వల్ల ఆయన తరగతి గది తలుపు బయటి నుంచి పాఠం విన్నాడు. అదే మనిషి 1906 ఏప్రిల్‌లో లాస్ ఏంజెలెస్ నగరంలోని అజూసా వీధిలో, ఒకప్పుడు చర్చిగా ఉండి ఆ తర్వాత గుర్రాలు కట్టేసిన పాత కట్టడంలో కూటాలు మొదలుపెడితే, నల్లవారు, తెల్లవారు, మెక్సికన్లు పక్కపక్కనే మోకరించారు. తలుపు బయట నిలబెట్టిన మనిషి తన తలుపులు అందరికీ తెరిచి ఉంచడం ఈ చరిత్ర మొత్తంలో నాకు అన్నిటికన్నా నచ్చిన ఘట్టం.

అయితే ఇది కేవలం అమెరికా సరుకు అనుకుంటే సగం సంగతే తెలిసినట్టు. తిరునెల్వేలి ప్రాంతంలో జాన్ క్రిస్టియన్ అరుళప్పన్ నడిపిన సంఘాలలో 1860లోనే భాషలు, ప్రవచనాలు వినిపించినట్టు నాటి రాతలు ఉన్నాయి. మహారాష్ట్రలో పుణె దగ్గరి కేడ్‌గావ్‌లో పండిత రమాబాయి నడిపిన ముక్తి మిషన్‌లో 1905లో, అంటే అజూసాకు ఏడాది ముందే, ఉజ్జీవం, అంటే భక్తిలో కొత్త ఉప్పెన, పుట్టింది. అక్కడ ఒక అమ్మాయి ప్రార్థిస్తుండగా ఒంటి మీద మంట కనబడిందని, పక్కనున్నామె నీళ్ళ బకెట్ కోసం పరుగెత్తిందని, తీరా చూస్తే నిప్పే లేదని మిన్నీ ఏబ్రమ్స్ అనే మిషనరీ రాసింది. ఆమె రాతలు అందుకున్న తరువాతే దక్షిణ అమెరికాలోని చిలీలో విల్లిస్ హూవర్ సంఘంలో ఆ ఉద్యమం అంటుకుంది. కరవులో తల్లిదండ్రులను పోగొట్టుకొని దేశమంతా కాలినడకన తిరిగిన సంస్కృత పండితురాలి ఆశ్రమం నుంచి చిలీకి నిప్పు చేరిందంటే, ఈ ఉద్యమాన్ని ఒక దేశానికి రాసివ్వడం కష్టం.

తెలుగు నేలకు ఇది ప్రధానంగా కేరళ మీదుగా వచ్చింది. కె.ఇ. అబ్రహాం నాయకత్వంలో 1924లో మొదలైన ఇండియన్ పెంతెకొస్తు సంఘం చట్టప్రకారం రిజిస్టరయింది కేరళలో కాదు, మన ఏలూరులో, 1935లో. కేరళ నుంచి వచ్చిన పి.ఎం. శామ్యూల్ తెలుగు జిల్లాలలో దాని పనికి ముఖ్యుడు. ది పెంతెకొస్తు మిషన్ అనేది వేరు. అది 1923లో శ్రీలంకలో పుట్టి తర్వాత చెన్నై కేంద్రంగా విస్తరించింది. 1914లో అమెరికాలో ఏర్పడిన అసెంబ్లీస్ ఆఫ్ గాడ్ మరొకటి. తిరుపతి, చిత్తూరులకు చెన్నై, వేలూరు దగ్గర కనుక తమిళ బోధకులు, తమిళ బాణీలు కూడా సులభంగా వచ్చాయి. నగరి, పుత్తూరు వైపు ఒకే ఆరాధనలో రెండు భాషల పాటలు వినిపిస్తే ఎవరూ ఆశ్చర్యపోరు.

వీటిలో దేనికీ చెందని స్వతంత్ర సంఘాలు కూడా ఎన్నో ఉన్నాయి. మీ వీధి చివరిది అలాంటిదే కావచ్చు. ఒక కాపరి, ఆయన కుటుంబం, చుట్టూ నాలుగు వీధుల విశ్వాసులు, అంతే దాని వ్యవస్థ. అందుకే బోర్డు మీద పేరు చూసి ఆ సంఘం నమ్మకాలను ఊహించడం వృథా. కేకు తెచ్చిన వారినే కూర్చోబెట్టి అడగండి, సంతోషంగా చెబుతారు. ఒక గంట కేటాయించుకొని మరీ అడగండి.

ప్రశ్న: మాది శ్రీకాళహస్తిలో మూడు తరాల లూథరన్ కుటుంబం. నాకు పసిపాపగా ఉన్నప్పుడే బాప్తిస్మం అయింది. పెళ్ళయి పెంతెకొస్తు ఇంటికి వచ్చాను. మళ్ళీ నీళ్ళలో మునిగి బాప్తిస్మం తీసుకోవాలని, నగలు తీసేయాలని అత్తమ్మ ఒత్తిడి చేస్తున్నారు. మా అమ్మ బాధపడుతోంది. ఏం చేయమంటారు?
– ఒక సోదరి, రేణిగుంట

సమాధానం: ముందుగా మీ అత్తమ్మ వైపు నుంచి చూద్దాం. పెంతెకొస్తు బోధ ప్రకారం మనిషి తన పాపాన్ని తానే ఒప్పుకొని, మారుమనస్సు పొంది, తెలిసి తెలిసి తీసుకున్నదే బాప్తిస్మం. పసిబిడ్డకు ఆ ఎరుక ఉండదు కనుక అప్పుడు తల మీద నీళ్ళు చిలకరించడం లెక్కలోకి రాదు. ఆమె దృష్టిలో మీరు తీసుకోవలసింది రెండోది కాదు, మొదటిది. మీ అమ్మగారి వైపు నుంచి చూస్తే, బాప్తిస్మం దేవుడు ముందుగా ఇచ్చే కృప. బిడ్డకు తెలియకపోయినా అది దేవునికి తెలుసు. దానిని మళ్ళీ చేయడమంటే దేవుని మాటను చెల్లదనడమే. ఈ వాదం మీ ఇంట్లో పుట్టలేదు, అయిదు వందల ఏళ్ళుగా నడుస్తోంది కనుక ఈ ఆదివారానికల్లా తేల్చాలని మీరు ఆరాటపడనక్కరలేదు.

నీళ్ళలో ముంచడం పెంతెకొస్తు వారు కొత్తగా తెచ్చినదేమీ కాదు. ఒంగోలు దగ్గర బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ ఆధ్వర్యంలో 1878 జూలై 3న ఒక్కరోజే 2,222 మంది గుండ్లకమ్మలో మునిగి బాప్తిస్మం పొందారు. తెలుగు క్రైస్తవులకు రెండు పద్ధతులూ పాతవే.

నగల విషయం వేరు. ఒకటో పేతురు పత్రిక మూడో అధ్యాయంలో స్త్రీల అలంకారం గురించి ఉన్న మాటలను ఆధారం చేసుకొని, ముఖ్యంగా కేరళ మూలాలున్న సంఘాలు నగలు వద్దంటాయి. కొన్నిచోట్ల తాళి కూడా తీయమంటారు, కొన్నిచోట్ల తాళి ఉంచి మిగిలినవి తీయమంటారు, పట్టించుకోని సంఘాలూ ఉన్నాయి. అంటే ఇది సంఘాచారమే తప్ప పెంతెకొస్తు విశ్వాసానికి మూలస్తంభం కాదు. మీ అత్తమ్మతో ఈ రెండింటినీ విడదీసి మాట్లాడండి. అన్నిటికన్నా ముఖ్యంగా, వారి బోధ ప్రకారమే ఒత్తిడికి లొంగి తీసుకున్న బాప్తిస్మానికి విలువ లేదు. ఆ మాట మీ భర్త చేత చెప్పించగలిగితే సగం పని తీరుతుంది.

ప్రశ్న: మా హాస్టల్ స్నేహితురాలు తన సంఘంలో ‘భాషలు’ మాట్లాడుతుంది. నేను భాషాశాస్త్రం చదువుతున్నాను. వినడానికి అది ఏ భాషలాగానూ లేదు. అది భాషేనా?
– విద్యార్థిని, తిరుపతి

సమాధానం: మీ ప్రశ్నను మీకన్నా ముందు ఒక భాషావేత్త అడిగాడు. టొరంటో విశ్వవిద్యాలయంలో పనిచేసిన విలియం సమరిన్ అనేక దేశాల కూటాలలో ఇలాంటి పలుకులను సేకరించి పరిశీలించి, 1972లో తన ఫలితాలు ప్రచురించాడు. పలికేవారి మాతృభాషలోని ధ్వనులే కొత్త వరుసలలో వస్తాయని, లయ, ఉచ్చారణ భాషలాగే ఉన్నా పదానికి అర్థం, వాక్యానికి వ్యాకరణం అనే కట్టు అందులో కనబడదని ఆయన తేల్చాడు. అలా మాట్లాడేవారికి మతిస్థిమితం లేదన్న వాదాన్ని కూడా ఆయన ఒప్పుకోలేదు. మామూలు మనుషులు నేర్చుకొని చేయగల పలుకే అది అన్నాడు.

తొలినాటి పెంతెకొస్తు వారు మాత్రం ఇవి నిజమైన విదేశీ భాషలే అనుకున్నారు. అజూసా నుంచి బయలుదేరిన ఆల్ఫ్రెడ్ గార్, ఆయన భార్య లిలియన్ తమకు బెంగాలీ వరంగా దొరికిందన్న నమ్మకంతో కలకత్తాకు వచ్చారు. బెంగాలీలకు వారి మాట ఒక్కటీ అర్థం కాలేదు. ఆ ఇద్దరూ నిరాశపడి ఓడ ఎక్కి వెనక్కి పోలేదు. పని కొనసాగించారు. భాషల వరం అంటే ప్రచారానికి పనిముట్టు కాదు, దేవునితో మాట్లాడే ప్రార్థన అన్న అవగాహన క్రమంగా స్థిరపడడానికి ఇలాంటి అనుభవాలు కారణమయ్యాయి. ఒక నమ్మకం వాస్తవానికి ఎదురుపడి, విరిగిపోకుండా వంగిన తీరు ఇందులో చూడవచ్చు.

బైబిలులో కూడా ఈ రెండూ ఉన్నాయి. అపొస్తలుల కార్యములలోనివి వినేవారికి అర్థమైన భాషలు. కొరింథీయులకు రాసిన మొదటి పత్రిక పద్నాలుగో అధ్యాయంలోనివి అర్థం చెప్పేవాడు లేకపోతే ఎవరికీ తెలియనివి. అందుకే ఆ పత్రిక రాసిన పౌలు అక్కడ కఠినంగా నియమం పెట్టాడు: ఇద్దరు, మించితే ముగ్గురు, అదీ వంతుల వారీగా మాట్లాడాలి. అర్థం చెప్పేవాడు లేకపోతే సంఘంలో మౌనంగా ఉండాలి. పదివేల మాటలు భాషలో మాట్లాడడం కన్నా అర్థమయ్యే అయిదు మాటలు మేలని కూడా అన్నాడు. మైకు పట్టుకొని అరగంట భాషలు మాట్లాడే బోధకులు ఆ అధ్యాయాన్ని ఎక్కువసార్లు చదవాలని నా అభిప్రాయం.

మరొక మాట. భాషలు రాకపోతే ఆత్మాభిషేకం లేనట్టేనా అన్న విషయంలో వారిలో వారికే ఏకాభిప్రాయం లేదు. అసెంబ్లీస్ ఆఫ్ గాడ్ వంటివి భాషలే మొదటి గుర్తు అంటాయి. ఆత్మ ఇచ్చే తొమ్మిది వరాలలో అది ఒకటి మాత్రమే అనేవారూ ఉన్నారు. హైదరాబాదులోని హెబ్రోను మందిరం కేంద్రంగా బోధకుడు భక్తసింగ్ స్థాపించిన సంఘాలను చాలామంది పెంతెకొస్తు కింద జమకడతారు కాని, అవి ఈ బోధను అంగీకరించవు. మీ స్నేహితురాలి దగ్గర రికార్డింగు అడగకండి. ఆమెకు అది ప్రార్థన. ఇంట్లో అవ్వ కళ్ళు మూసుకొని గొణిగే జపాన్ని మనం పరిశోధనకు తీసుకుపోము కదా.

ప్రశ్న: మా అమ్మకు పన్నెండేళ్ళుగా చక్కెర జబ్బు. ఒక కూటంలో స్వస్థత కలిగిందని సాక్ష్యం చెప్పి, మందులు మానేసింది. నేను ఏమన్నా ‘నీకు విశ్వాసం లేదు’ అంటోంది.
– కుమారుడు, పలమనేరు

సమాధానం: ఈ జవాబు చదివి ముగించకముందే అమ్మగారికి రక్తపరీక్ష చేయించి వైద్యుడికి చూపించండి. ముఖ్యంగా ఇన్సులిన్ వాడుతూ ఒక్కసారిగా ఆపితే కొద్ది రోజులలోనే, ఒక్కోసారి గంటలలోనే, ప్రాణం మీదికి వస్తుంది. విపరీతమైన దాహం, వాంతులు, ఆయాసం, మగత కనబడితే వాదన పక్కనపెట్టి నేరుగా ఆసుపత్రికి తీసుకుపోండి.

యేసు రక్షకుడు, ఆత్మలో బాప్తిస్మమిచ్చేవాడు, స్వస్థపరిచేవాడు, త్వరలో రానున్న రాజు అనే నాలుగు మాటలు పెంతెకొస్తు బోధకు మూలం కనుక, స్వస్థత కోసం ప్రార్థించవద్దని మీరు అమ్మతో అంటే ఆమె మతాన్నే వదలమన్నట్టుగా వినబడుతుంది. అలా అనకండి. యాకోబు పత్రిక అయిదో అధ్యాయం రోగికి పెద్దలు నూనె రాసి ప్రార్థించాలంటుంది, ఆ ప్రకారం పెద్దలను ఇంటికి పిలవండి. అయితే మందు మానమని ఆ వచనంలో లేదని కూడా చూపించండి. పౌలు వెంట తిరిగిన లూకా వైద్యుడు. తిమోతి కడుపునొప్పికి పౌలు చెప్పింది కొంచెం ద్రాక్షారసం పుచ్చుకోమని. ది పెంతెకొస్తు మిషన్ సేవకులు తమ వరకు మందులు వాడకపోవడాన్ని నియమంగా పాటిస్తారు కాని, పెంతెకొస్తు సంఘాలలో అత్యధికులు ఆసుపత్రికి వెళ్తారు.

మన ప్రాంతంలో ఇది చెప్పడం తేలిక కూడా. ఆర్కాటు మిషన్ స్కడర్ల ఇంటి బిడ్డ ఐడా స్కడర్ 1900లో వేలూరులో మొదలుపెట్టిన చిన్న వైద్యశాలే నేటి సి.ఎం.సి. (క్రిస్టియన్ మెడికల్ కాలేజీ) ఆసుపత్రి. మదనపల్లె దగ్గరి ఆరోగ్యవరంలో క్షయరోగులకు 1912లో శానిటోరియం వెలసింది కూడా మిషనరీల చేతనే. ప్రార్థించిన చేతులే మందు కూడా ఇచ్చాయని చెబితే మీ అమ్మగారు వింటారు. కాపరి గారిని కలిసి, మందు వేసుకోమని ఆయన నోటితోనే చెప్పమనండి. చెప్పకపోతే, ఆ సంఘం గురించి మీరు తెలుసుకోవలసింది తెలిసినట్టే.

ప్రశ్న: దశమభాగం తప్పనిసరా? మా జీతంలో పదోవంతు పోతోంది.
– ఒక పాఠకుడు, చిత్తూరు

సమాధానం: పాత నిబంధనలో అది విధి, కొత్త నిబంధనలో ఎవరి మనసులో నిశ్చయించుకున్నంత వారు ఇవ్వాలని ఉంది. స్వతంత్ర సంఘానికి బయటి నిధులు లేనప్పుడు మందిరం అద్దె, కాపరి ఇంటి ఖర్చు, దినకూలీ కుటుంబానికి ఆపదలో సాయం ఆ కానుకల నుంచే వస్తాయి. ఇవ్వండి లేదా మానండి, అది మీ ఇష్టం. ఇస్తే మాత్రం సంఘం ఆస్తి ఎవరి పేరున ఉందో, ఏటా లెక్క చదివి వినిపిస్తున్నారో లేదో అడగండి. లెక్క అడిగితే శాపం తగులుతుందనే చోట ఇవ్వకండి.

ప్రశ్న: ఎస్సీ కుటుంబం మాది. బాప్తిస్మం తీసుకుంటే కుల ధ్రువపత్రం పోతుందా?
– ఒక యువకుడు, బంగారుపాళెం

సమాధానం: 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు మూడో పేరా ప్రకారం హిందూ మతస్థులకే షెడ్యూల్డు కుల హోదా ఉండేది. 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను చేర్చారు. క్రైస్తవులను చేర్చలేదు. మన రాష్ట్రంలో క్రైస్తవం స్వీకరించిన ఎస్సీలు, వారి సంతతి బీసీ–సీ కిందికి వస్తారు, ఆ వర్గానికి ఒక శాతం రిజర్వేషన్ ఉంది. కులవివక్ష మాత్రం బాప్తిస్మంతో పోవడం లేదన్నది మీకూ నాకూ తెలిసిన సంగతే. కాగితం మీద ఒకటి, ఆదివారం మరొకటిగా బతకమని నేను సలహా ఇవ్వలేను. నిర్ణయించుకునే ముందు ఒక న్యాయవాదిని కలవండి.

ప్రశ్న: వెంకన్న పాదాల చెంత ఇన్ని ప్రార్థన మందిరాలా? దీనికి చట్టం లేదా? పైగా మా పక్కనున్న మందిరంలో శుక్రవారం రాత్రంతా మైకు పెట్టి జాగరణ ప్రార్థన చేస్తారు. పిల్లలకు పరీక్షలు.
– ఒక గృహిణి, బైరాగిపట్టెడ

సమాధానం: కొండ వేరు, ఊరు వేరు. ఆరాధన స్థలాలలో అక్కడి మతం కాని మరో మతాన్ని ప్రచారం చేయడాన్ని నిషేధిస్తూ రాష్ట్రం 2007లో చట్టం చేసింది. తిరుమల దాని పరిధిలో ఉంది. కొండ కింద తిరుపతి పట్టణంలో నివసించే పౌరులకు మాత్రం రాజ్యాంగం 25, 26 అధికరణలు ఇచ్చిన హక్కులు దేశంలో మిగతా చోట్ల ఉన్నట్టే ఉన్నాయి. మందిరం ఉండడం నేరం కాదు. అందులో కూర్చునేవారిలో ఎక్కువమంది మీ ఊరివారే.

మైకు సంగతిలో మాత్రం న్యాయం మీ వైపు ఉంది. 2000 నాటి శబ్ద కాలుష్య నిబంధనల ప్రకారం రాత్రి పది నుంచి ఉదయం ఆరు దాకా, మూసిన హాలులో లోపలివారి కోసం తప్ప, లౌడ్ స్పీకర్లు వాడరాదు. నివాస ప్రాంతంలో పగలు 55, రాత్రి 45 డెసిబెల్స్ పరిమితి. అదే ఏడాది ఆగస్టులో సుప్రీంకోర్టు ముందుకు వచ్చిన కేసు సరిగ్గా మీదిలాంటిదే. చెన్నైలో ఒక కాలనీ సంక్షేమ సంఘం, పక్కనున్న చర్చ్ ఆఫ్ గాడ్ పెంతెకొస్తు మందిరం మీద డప్పులు, మైకుల గురించి ఫిర్యాదు చేసింది. ఇరుగుపొరుగు శాంతికి భంగం కలిగిస్తూ మైకులతోను, డప్పులతోను ప్రార్థించమని ఏ మతమూ చెప్పదని కోర్టు తీర్పిచ్చింది. ఆ తీర్పు గుడికి, మసీదుకు, చర్చికి సమానంగా వర్తిస్తుంది. కనుక సుప్రభాతం మైకు గురించి ఎవరైనా మిమ్మల్ని ఎదురు ప్రశ్న వేస్తే నొచ్చుకోకూడదు.

పోలీసు స్టేషన్‌కు పోయే ముందు ఒకసారి పాస్టరమ్మ గారితో మాట్లాడండి. ఇలాంటివి కాపరి గారి కన్నా ఆమె త్వరగా వింటారు. పరీక్షల తేదీలు రాసిన కాగితం చేతికిచ్చి, శుక్రవారం జాగరణ మైకు లేకుండా తలుపులు మూసి చేసుకోమని అడగండి. ఆ పిల్లల పేర్లు కూడా ప్రార్థనలో చేరే అవకాశం ఉంది, అభ్యంతరపెట్టకండి.